కొసరు గాలి

2022 ఎండాకాలం సంగతి. కరీంనగర్ నుంచి హుజూరాబాద్ పోయే రోడ్డు మీద, గ్రానైట్ క్వారీలకు మట్టిదారి చీలే మూల దగ్గర ఉంటుంది నా టైర్ల దుకాణం. ముందు రేకుల షెడ్డు, వెనక కంప్రెసర్, పక్కన పంచర్ వెతికే నీళ్ళ తొట్టి. అప్పటికి ఆ షెడ్డు కింద ఇరవై రెండేళ్ళు గడిపాను. క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసుకుపోయే లారీలే మా ఇంటికి అన్నం పెట్టాయి. అంత బరువు మోసే టైరుకు నూట పది, నూట ఇరవై పాయింట్ల గాలి కావాలి. మేం పాయింట్ అనేది పీఎస్ఐని. టైరు లోపల గాలి ఎంత గట్టిగా నెడుతోందో చెప్పే కొలత అది. మీరు ఎక్కి తిరిగే మోటార్ సైకిల్‌కు పాతిక నుంచి ముప్పై చాలు, కారుకు ముప్పై పైచిలుకు.

మా పనిలో ఒక మర్యాద ఉంది. కూరగాయలామె కిలో తూచాక నాలుగు మిరపకాయలు పైన వేసినట్టు, నేను అడిగినదానికి రెండు మూడు పాయింట్లు ఎక్కువ కొట్టి పంపేవాణ్ణి. దారిలో ఎంతో కొంత దిగుతుంది, జనం నెలకోసారి కూడా చూపించుకోరు, ఉండనీ అని. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగకుండానే పెట్టేవాణ్ణి, అదే నా గొప్పనుకునేవాణ్ణి. ఈ కొసరును ఎన్నడూ లెక్కలో వేసుకోలేదు. ఎంత కొట్టావని ఎవరైనా అడిగితే వాళ్ళు అడిగిన అంకే చెప్పేవాణ్ణి. అబద్ధం చెబుతున్నానని ఒక్కసారి కూడా తోచలేదు. కొసరంటేనే లెక్కలో లేనిది కదా.

ఒక ఆదివారం పొద్దున దుకాణం ముందు ట్రాలీ ఆటో ఆగి, అందులోంచి ఒక బండి దిగింది. పాత వంద సీసీ బండే, కానీ సీటు లేదు, లైటు లేదు, పక్క డొప్పలు లేవు. వెనక టైరు మాత్రం గడులు గడులుగా, ఈ ప్రాంతంలో నేను చూడని రకం. ఎవడో దొంగ సగం విప్పి వదిలేసిన బండేమో అనుకున్నాను. దాని వెంట ట్రాక్ ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి దిగింది.

"సీటేది బిడ్డా?" అన్నాను.

"సీటు అక్కర్లే భాయ్. దీని మీద కూసునుడు ఉండది, నిలవడుడే."

అలా పరిచయమైంది రజిత. హుజూరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. వయసు ఇరవై ఎనిమిది. వాళ్ళ బాపు శ్రీరాంపూర్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు అక్కడి మట్టిగుట్టల మీద సైకిల్ ఎక్కించి దించుతూ ఆ పిచ్చి మొదలైందట. ఇప్పుడు చేసేది ట్రయల్స్. అంటే బండితో రాళ్ళూ గుండ్లూ ఎక్కడం. వేగంతో పనిలేదు. ఎవరు ముందు పోయారన్న మాటే లేదు. కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి కాలు పెడితే ఒక తప్పు, పడితే ఐదు తప్పులు. తక్కువ తప్పులున్నవాళ్ళు గెలిచినట్టు. మట్టిదారి చివర నీళ్ళు లేని పాత క్వారీ గుంట ఒకటుంది. అక్కడ సాధన మొదలుపెట్టి రెండు వారాలైందట.

వెనక టైరు పంచరు. విప్పి ట్యూబు తీస్తే పక్కపక్కన రెండు చీలికలు, పాము కాటు వేసినట్టు. దీన్ని పించ్ పంచర్ అంటారు. ముల్లు గుచ్చుకుని పడేది కాదు. గాలి తక్కువున్నప్పుడు రాయి తగిలితే టైరు అణిగిపోయి, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి తెగుతుంది. ఇది చూడగానే మందు చెప్పేయగలను. గాలి పెంచు, అంతే.

"ఎంత పెడుతున్నవ్ బిడ్డా గాలి?"

"ఐదారు పెట్టాలె భాయ్. నా దగ్గర గేజ్ లేదు, సైకిల్ పంపుతోని కొట్టి బొటనవేలుతోని ఒత్తి చూస్త. రెండు వారాలల్ల నాలుగు పంచర్లు."

ఐదారు అని విని నాకు నవ్వొచ్చింది. "ఐదు పాయింట్లంటేనే పంచరు గద! గాలి దిగిందని జనం నా దగ్గరికొచ్చి కొట్టిచ్చుకుంటరు. నువ్వు దిగిపోయిన టైరే కావాలంటున్నవ్."

"గట్టిగుంటే రాయి మీద జారుతది భాయ్. మెత్తగుంటే రాయిని పట్టుకుంటది. అసలు ట్రయల్స్ బండ్లకు వెనక టైరుల ట్యూబే ఉండది, అందుకే గంత తక్కువల నడుస్తయి. నాది ట్యూబు బండి. అందుకనే పరేషాన్."

ఆమె ఫోన్ తీసి ఎవరో విదేశీయులు గోడంత రాళ్ళు ఎక్కుతున్న వీడియోలు చూపించింది. టైరు రాయి అంచు దగ్గర పిండిముద్దలా నొక్కుకుపోతోంది. నాకు కళ్ళు తిరిగాయి. నూట ఇరవై పాయింట్ల మనిషిని నేను. తక్కువ గాలి అంటే నా దృష్టిలో రోగం. రోగమే ఆరోగ్యమని ఎవరైనా చెబితే ఏం నమ్మాలి?

అయినా ఆమె తర్వాత చెప్పిన మాట విని నవ్వు ఆపేశాను. రెండు నెలల్లో హైదరాబాద్ శివార్లలో పోటీ ఉందట. మొదటి ఇద్దరికి ఏడాది శిక్షణ, అసలు సిసలు ట్రయల్స్ బండి ఇస్తారట. ఇరవై ఎనిమిది దాటితే తీసుకోరట.

"గీ యేడే ఆఖరు మోక భాయ్. బండికి వేరే ఏదైనా అయితే నేనే చేసుకుంట. ఈ పంచర్లే నన్ను కూలగొడుతున్నయ్. దినమంత విప్పుడు, అతుకు పెట్టుడే అయితుంది. ఎక్కేదెప్పుడు?"

"గాలి సంగతి నాకు ఇడువు బిడ్డా," అన్నాను ఛాతీ విరుచుకుని. "నువ్వు రాళ్ళు ఎక్కుడు చూసుకో."

"నీ దగ్గర తక్కువ చూపెట్టే గేజ్ ఉన్నదా?"

కంప్రెసర్ పైపు చివర ఇత్తడి గేజ్‌ను చూపించాను. సున్నా నుంచి రెండువందల దాకా గీతలు. ఐదు పాయింట్లకో గీత. దుకాణం పెట్టిన రోజు నుంచీ అదే. లారీ డ్రైవర్లు దాని మీద ఒట్టు వేస్తారు. ఆమె కూడా నమ్మింది. ఇన్నేళ్ళ చెయ్యి, ఇతనికి తెలియదా అనుకుంది. అయినా జాగ్రత్తకని ఆన్‌లైన్‌లో విదేశం నుంచి రావాల్సిన ఒక చిన్న గేజ్‌కు ఆర్డర్ పెట్టి, క్వారీ దగ్గరి చిరునామాగా నా దుకాణమే ఇచ్చింది.

పని మాత్రం మనసుపెట్టి చేశాను. మందం ట్యూబు వేశాను. రిమ్ము లోపల స్పోకు పుల్లల మొనలు తగలకుండా పట్టీ చుట్టాను. టైరు లోపలంతా పాత బనీను గుడ్డతో తుడిచాను. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు విరిగి ఉన్నట్టు లెక్క. అలా సర్కారు తుమ్మ ముళ్ళు మూడు దొరికాయి. ట్యూబుకు పౌడరు రాసి, రిమ్ లాక్ బిగించాను. తక్కువ గాలిలో టైరు రిమ్ము మీద జరిగిపోతే వాల్వ్ తెగుతుంది, జరగకుండా టైరును పట్టి ఉంచే బిగింపు అది. చివరికి గాలి. ఐదు గీతకు వెంట్రుకవాసి పైకి ముల్లు వచ్చేదాకా కొట్టి ఆపాను. ఆరు. ఆ తర్వాత ట్యూబులోని రెండు చీలికలు గుర్తొచ్చి, ఆఖరి మోక అన్న మాట గుర్తొచ్చి, ఇంకో రెండు క్షణాలు గన్ నొక్కాను. ఎప్పటి కొసరు కన్నా కొంచెం పెద్ద కొసరు. పిల్ల మంచిదని.

పంచర్లు ఆగిపోయాయి. ఒకటి కాదు రెండు కాదు, ఐదు ఆదివారాలు ఒక్క పంచరూ లేదు. ప్రతి ఆదివారం పొద్దున నా దగ్గర గాలి కొట్టించుకున్నాకే క్వారీకి పోయేది. "ఏం టీచరమ్మా, చూసినవా?" అని నేను మీసం దువ్వేవాణ్ణి. ఆమె నవ్వేది కానీ ఆ నవ్వు రానురాను తగ్గింది. ఆరో ఆదివారం మధ్యాహ్నం బండి నెట్టుకుంటూ వచ్చి, దుకాణం ముందు బల్ల మీద కూలబడింది.

"పంచరా?" అన్నాను.

"కాదు భాయ్. జారుతుంది. పోయిన నెల ఎక్కిన రాయే. ఇప్పుడు ఎక్కుతలేను."

షెడ్డుకు తాళం వేసి ఆమె వెంట క్వారీకి వెళ్ళాను. గుంట అంచున నడుం ఎత్తు దిమ్మె ఒకటి ఏటవాలుగా పడి ఉంది. ఆమె నిలబడి, క్లచ్ పట్టి, మెల్లగా ముందు చక్రం ఎక్కించింది. వెనక చక్రం అంచుకు తగిలి, పైకి పోయినట్టే పోయి చర్రున పక్కకు జారింది. కాలు కింద పెట్టింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. ఎనిమిదిసార్లు చూశాను. ఒకే బండి, ఒకే రాయి, ఒకే మనిషి. పంచర్లు పడే రోజుల్లో ఎక్కిన రాయిని పంచర్లు ఆగాక ఎక్కలేకపోవడమేమిటో నా బుర్రకు అందలేదు.

టైరు రబ్బరు బిగుసుకుపోయిందేమో అనుకున్నాం. బెంగళూరులో ఎవరో వాడి అమ్మిన టైరు అది. గోరుతో నొక్కితే మెత్తగానే ఉంది. రాయి మీద గ్రానైట్ పొడి ఉందేమో అని చీపురుతో ఊడ్చాం. గరుకు కాగితంతో టైరు గడుల అంచులు రుద్దాను. గొలుసు వదులు చేశాను, మళ్ళీ బిగించాను. ఎండ ఎక్కువైందేమో అని సాయంత్రం దాకా ఆగి చూశాం. ప్రతిదానికీ ఒక కారణం దొరికేది, ఏ కారణమూ నిలబడేది కాదు. పరీక్షలో జవాబులన్నీ రాసి అన్నీ తప్పైన పిల్లవాడిలా ఉంది నా పరిస్థితి.

"గాలి ఎంత కొట్టినవ్ భాయ్?"

"ఆరే బిడ్డా."

"ఆరేనా?"

"ఆరే."

దేవుడి మీద ప్రమాణం చేయమన్నా చేసేవాణ్ణి. నా మనసులో అది ఆరే.

ఆమె ఆ రాయిని చేత్తో తట్టింది. "బండి మంచిగనే ఉన్నది, టైరు మంచిగనే ఉన్నది. మరి నాలనే ఏదో అయింది," అంది. అది కాదని చెప్పాలనిపించింది కానీ, మరి ఏదో తెలియక గొలుసునే ఇంకోసారి బిగించాను.

పోటీకి ముందు రోజు బండి ట్రాలీలోకి ఎక్కిస్తూ నేనే గాలి సరిచూశాను. ఆరు, పైన కొసరు. ఆ రోజు కొసరులో దువా కూడా కలిపాను. "ఫికర్ చెయ్యకు, ఎక్కుతవ్," అని పంపాను.

నాలుగో రోజు వచ్చింది. కుడి భుజానికి పట్టీ. రెండో రాతి దగ్గరే వెనక చక్రం జారి బండితో సహా పడిందట. ఆ తర్వాత ప్రతి రాయికీ కాలు కింద పెట్టిందట. కింద నుంచి రెండో స్థానం.

"భయం జొచ్చింది భాయ్ నాకు," అంది. "చక్రం జారకముందే కాలు దిగుతుంది. బాపు అడిగితే గదే చెప్పిన. బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు దిగిండు ఆయన. భయమైతుందని ఆయనకు చెప్పెటందుకు ఎంత సిగ్గయిందో నీకు తెల్వదు."

బండిని నా షెడ్డులో పెట్టి, ఎవరైనా కొంటానంటే చెప్పమని వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మా ఇంట్లో ఆమె, "ఎవలో పడితే నువ్వెందుకు గట్ల కూసున్నవ్?" అంది. ఎందుకో నాకూ తెలియలేదు.

చేతులు కాలాక ఆకులు అందినట్టు, ఆ మరుసటి వారం కొరియర్ అతను చిన్న పొట్లం ఇచ్చి పోయాడు. ఆమె ఆర్డర్ పెట్టిన గేజ్. ఫోన్ చేస్తే, "నాకెందుకు భాయ్, నువ్వే ఉంచుకో," అంది. అరచేతిలో పట్టేంత గేజ్, సున్నా నుంచి పదిహేను దాకా గీతలు. లారీల మనిషికి ఎందుకు పనికొస్తుంది? అయినా చేతికి కొత్త పనిముట్టు వస్తే ఊరికే ఉండలేం. ఎదురుగా ఆమె బండి ఉంది. పోటీకి నేను కొట్టిన గాలి అందులో అట్లాగే ఉంది. వాల్వ్‌కు ఆనించాను.

ముల్లు గిర్రున తిరిగి పదిహేను దగ్గర గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయింది.

గేజ్ చెడిపోయింది అనుకున్నాను. అదే మొదట తోచింది. ఆన్‌లైన్ సరుకు ఇంతే అని నవ్వుకున్నాను కూడా. కొంచెం గాలి వదిలి చూశాను, పద్నాలుగు. నా ఇత్తడి గేజ్ పెట్టి చూశాను, ఎనిమిది. ఇంకా వదిలాను. కొత్తది పది అంటోంది, పాతది ఐదు. ఇంకా వదిలితే కొత్తది ఐదు చూపించింది, నా ఇత్తడి గేజ్ ముల్లు సున్నా మీద నుంచి లేవనే లేదు. ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో తేల్చాలంటే మూడోది కావాలి. ఇరవై రెండేళ్ళ స్నేహితుణ్ణి పొట్లంలో వచ్చినవాడి మాట మీద అనుమానించడం నాకు నచ్చలేదు.

పక్క షెడ్డులో ఆర్ఎంపీ మల్లయ్య ఉంటాడు. జ్వరాలకు సూదులు వేస్తాడు, బీపీ చూస్తాడు. ఆయన దగ్గరికి వెళ్ళి బీపీ మిషను అడిగాను.

"ఎవలికి బాగలేదు?"

"టైరుకు."

మల్లయ్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. సంగతి చెప్పాక మాత్రం నాకంటే హుషారయ్యాడు. ఫోన్‌లో లెక్క కట్టి, ఐదు పాయింట్లంటే బీపీ మిషను మీద రెండువందల అరవైకి దగ్గర రావాలన్నాడు. కొత్త గేజ్ ఐదు చూపిస్తున్న టైరుకు ఆ మిషను రబ్బరు గొట్టం తగిలించి, దారంతో బిగించి వాల్వ్ వదిలాం. ముల్లు రెండువందల యాభై ఎనిమిది దగ్గర నిలిచింది.

"కొత్తదే నిజం భాయ్," అన్నాడు మల్లయ్య. "మరి నీది గింత తప్పు చూపెడితే లారీలు ఎట్ల నడుస్తున్నయ్?"

"నూరు మీద నాలుగైదు అటూ ఇటూ అయితే లారీకి ఏం తెలుస్తది?" అన్నాను. అంటూనే ఆగిపోయాను. నూరు మీద ఐదు ఏమీ కాదు. ఐదు మీద ఐదు అంటే రెండింతలు. ముప్పై అడిగినవాడికి మూడు కొసరు వేస్తే మర్యాద. ఆరు అడిగిన పిల్లకు అదే కొసరు వేస్తే?

"నువ్వు ఎప్పుడన్న అడిగినంతే కొట్టినవా భాయ్?" అని నవ్వాడు మల్లయ్య. "ఊరంత ఎరుకే. నీ దగ్గర ముప్పై అంటే ముప్పై మూడు."

ఊరంతా ఎరుకే. హుజూరాబాద్ నుంచి వచ్చే పిల్లకు మాత్రం ఎరుక లేదు. ఆమె అడిగింది, నేను ఆరే అన్నాను, ఆమె నమ్మింది. తప్పు చూపించే గేజ్‌తో ఆరు, దాని మీద నా కొసరు. పదిహేను దాటిన గట్టి టైరుతో ఆమెను రాళ్ళ మీదికి పంపాను. పంచర్లు ఆగింది నా పనితనం వల్ల కాదు. గాలి ఎక్కువై టైరు అణగక ఆగాయి. ఆ గాలి వల్లే చక్రం జారింది. రెండూ ఒకే కారణమని ఇన్నాళ్ళూ తెలియలేదు. గేజ్ తప్పును దాని మీదికి నెట్టేయవచ్చు. కొసరు ఎవరి మీదికి నెట్టను?

చెప్పకుండా ఉండిపోదామని రెండు రోజులు అనుకున్నాను, నిజం ఒప్పుకుంటాను. పోటీ అయిపోయింది, వయసు దాటుతోంది, ఇప్పుడు చెబితే ఏం ఒరుగుతుంది? పైగా ఇరవై రెండేళ్ళ పేరు. మూడో రోజు దుకాణం కట్టేసి హుజూరాబాద్ బడికి వెళ్ళాను. మైదానంలో పిల్లలతో ఖోఖో ఆడిస్తోంది. విజిల్ మెడలో ఉంది, పట్టీ తీసేసింది. నన్ను చూసి బండికి బేరం వచ్చిందనుకుంది.

చెప్పాల్సినదంతా నిలబడే చెప్పాను. గేజ్ సంగతి ముందు చెప్పాను, అది తేలిక. కొసరు సంగతి ఆఖర్న చెప్పాను.

ఖోఖో ఆగిపోయి పిల్లలు మమ్మల్నే చూస్తున్నారు.

"గిన్ని దినాలు నా కాళ్ళను తిట్టుకున్న భాయ్," అంది. "రోజు రాత్రి పండుకునేటప్పుడు తిట్టుకున్న."

"మంచికే అనుకున్న బిడ్డా. మళ్ళ పంచరు పడుతదేమోనని..."

"మంచికే అయితే చెప్పి కొట్టాలె గద! నేను అడిగిన. ఆరేనా అని రెండుసార్లు అడిగిన."

ఆమె విజిల్ ఊది పిల్లల్ని మళ్ళీ ఆటలో పెట్టింది. నా వైపు తిరగలేదు. నేను బస్సెక్కి వచ్చేశాను.

పదిహేను రోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున వచ్చింది. సలాం లేదు, నవ్వు లేదు. "గేజ్ ఏది?" అంది. చిన్న గేజ్ తీసి ఇచ్చాను. దాన్ని జేబులో వేసుకుని, షెడ్డులోంచి తన బండి బయటికి తీసి, "రా భాయ్. సరిగ్గ ఎంత పెట్టాలెనో ఇద్దరం చూద్దాం," అంది. కాలితో తొక్కే పంపు పట్టుకుని వెంట నడిచాను.

ఆ రోజు నేర్చుకున్నది ఇరవై రెండేళ్ళలో నేర్చుకోలేదు. దిమ్మె నీడలోనే కొలిచాం. ఎండలో పెడితే టైరు వేడెక్కి పాయింటు పైనే పెరుగుతోంది. లారీలో అది లెక్కలోకి రాదు, ఇక్కడ అదే లెక్క. పది దగ్గర మొదలుపెట్టి ఒక్కో పాయింటు వదులుతూ, టైరు మీద తడిమట్టి పూసి రాయి ఎక్కించి, రాయి మీద పడిన ముద్ర చూశాం. పది దగ్గర ముద్ర రెండు వేళ్ళ వెడల్పు. ఏడు దగ్గర అరచెయ్యంత. ఐదు దగ్గర ఇంకా వెడల్పే కానీ, లోపల రిమ్ము రాయికి ఠక్కున తగిలిన చప్పుడు వినిపించింది. ఇంకోసారి తగిలితే ట్యూబు చీలేది. ట్యూబు బండికి, ఆమె బరువుకు, ఆ రాయికి ఆరున్నర. తెలిసిన అంకె కాదు, వెతికి పట్టుకున్న అంకె. బండి మారినా రాయి మారినా మళ్ళీ వెతకాల్సిందే. ఆమె మొదట అడిగినప్పుడు ఐదారు అంది. ఎంత దగ్గరగా అడిగిందో!

ఆరున్నర పెట్టాక దిమ్మె ఎక్కబోయింది. చక్రం జారలేదు. అయినా కాలు కింద పెట్టింది.

మళ్ళీ చేసింది. చక్రం పట్టింది, కాలు దిగింది. మూడోసారీ అంతే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గాలి సరిగ్గానే ఉంది కదా, మరి ఇదేమిటి? ఒకవేళ ఆమె అన్నదే నిజమా, భయమేనా? లేకపోతే జారే చక్రానికి రెండు నెలలు అలవాటుపడ్డ కాలు జారకపోయినా దిగుతోందా? ఇందులో ఏది ఆమెది, ఏది నేను పెట్టినది? ఈ రోజుకీ నాకు పూర్తిగా తెలియదు.

ఆమె మరుసటి ఆదివారం వచ్చింది, ఆ పై ఆదివారం వచ్చింది. గాలి నేను కొడితే గేజ్ తాను పెట్టి చూసేది. ఎక్కువుంటే వదిలేది, తక్కువుంటే నా వైపు చూసేది. మధ్యలో ఒకసారి పంచరు పడితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. విప్పి చూస్తే చెప్పు మేకు గుచ్చుకుంది, గాలి తప్పు కాదు. అంత సంతోషం ఏ పంచరు చూసినా కలగలేదు నాకు.

వానాకాలం పోయి చలి మొదలైంది. ఒక సాయంత్రం ఫోన్ చేసి క్వారీకి రమ్మంది. వెళ్ళేసరికి దిమ్మె ముందు నిలబడి ఉంది. నన్ను చూసి బండెక్కింది. ముందు చక్రం ఎక్కింది, వెనక చక్రం అంచుకు ఆనింది. టైరు కొంచెం అణిగి రాయిని పట్టుకుంది. ఆమె కాళ్ళు రెండూ బండి మీదే ఉన్నాయి. పైకి పోయింది. దిమ్మె మీద బండి ఆపి, ఇంజను ఆపేసి, అక్కడే నిలబడి ఏడ్చింది. కింద నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

"ఇప్పుడు ఎక్కితే ఏం లాభం బిడ్డా," అన్నాను, ఆగలేక. "నీ ఏడాది నేను తిన్న."

"తిన్నవ్," అంది. కాదనలేదు. కళ్ళు తుడుచుకుంది. "కాని భాయ్, అప్పుడు నేను భయపడలే. చక్రం జారింది, అంతే. గా ముచ్చట బాపుకు చెప్తా."

ఆమె ఆ శిక్షణకు పోలేదు, వయసు దాటింది. ఇప్పటికీ కొన్ని ఆదివారాలు వస్తుంది, ఇప్పటికీ గేజ్ తానే పెట్టి చూస్తుంది. నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఎంత అని అడుగుతాను, అంతే కొడతాను, కొత్తగా కొన్న గేజ్ వాళ్ళ వైపు తిప్పి చూపిస్తాను. జహంగీర్ భాయ్ ముసలోడై పిసినారి అయ్యాడని లారీవాళ్ళు నవ్వుతారు. ఇంకో రెండు పాయింట్లు వేయమంటే వేస్తాను. అడిగితేనే వేస్తాను.